హాల్లో ఒక్క టీవీ, ఆడేది నలుగురు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. హైదరాబాదు ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారని ఊరొచ్చేశాను. చిన్నప్పటి స్నేహితులు ఇద్దరు, డిగ్రీ చదువుతున్న మా చెల్లెలు, నేను కలిసి శనివారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో కూర్చుంటాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి కథల ఆట ఆడాలని ఒక స్టార్టర్ సెట్టు కొన్నాం. కథ నడిపించే మాస్టరుగా కూర్చోడానికి ఎవరికీ తీరిక లేక అది అటకెక్కింది. అదే పద్ధతిలో, ఒకరితో ఒకరు పోటీ లేకుండా, అందరం ఒక జట్టుగా టీవీ మీద ఆడుకునే గేమ్ ఏదైనా చెప్పండి. ఒక ఫ్రెండుకి పీఎస్5 (టీవీకి తగిలించుకుని ఆడే ప్లేస్టేషన్ 5 మెషిన్) ఉంది, కంట్రోలర్ మాత్రం ఒక్కటే. చెల్లెలికి కాలేజీ ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంకో ఫ్రెండు ఒడియా మీడియంలో చదివాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. ఇంగ్లీషంటే టెన్షన్ పడతాడు. పీఎస్5 వాడితో ఒక చిక్కుంది: ఏ ఆటైనా అందరి వంతూ తనే ఆడేస్తాడు. బాల్డర్స్ గేట్ 3 కొందామని పట్టుబడుతున్నాడు. మా నాన్నగారేమో 'పాతికేళ్ళు దాటినవాళ్ళు ఇదేం పని' అంటున్నారు. ఏం కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు బాల్డర్స్ గేట్ 3 సంగతి తేల్చేద్దాం. అది గొప్ప గేమ్, అందులో రెండో మాట లేదు. లారియన్ స్టూడియోస్ వాళ్ళు 2023 ఆగస్టులో పీసీకి, సెప్టెంబరులో పీఎస్5కి తెచ్చారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్స్ మీదే నడుస్తుంది. తాళం తియ్యాలన్నా, కాపలావాడికి అబద్ధం చెప్పాలన్నా 20 ముఖాల పాచిక తెర మీద తిరిగి తిరిగి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. కానీ ఒక టీవీ ముందు ఆడగలిగేది ఇద్దరే. తెర రెండు ముక్కలవుతుంది, చెరో ముక్క. నలుగురు ఆడాలంటే ఎవరి మెషిన్ వాళ్ళు పెట్టుకుని ఆన్‌లైన్లో కలవాలి. అంటే మీలో ఇద్దరు ప్రేక్షకులు. ఆ ఇద్దరూ ఎవరో వేరే చెప్పాలా? నీ చెల్లెలు, ఆ ఒడియా మీడియం అబ్బాయి. పైగా చదవాల్సిన ఇంగ్లీషు కుప్పలుగా ఉంటుంది. పెద్దలకు మాత్రమే అని ముద్ర ఉన్న గేమ్ కూడా. నగ్న దృశ్యాలు సెట్టింగుల్లో ఆపుకోవచ్చు గానీ, నాన్నగారు మంచినీళ్ళకని హాల్లోంచి వెళ్ళే టైముకి తెర మీద ఏం జరుగుతూ ఉంటుందో ఎవరు చూడొచ్చారు.

అదే కంపెనీ 2017లో తెచ్చిన డివినిటీ ఒరిజినల్ సిన్ 2 కూడా అంతే, ఒక టీవీకి ఇద్దరు. నువ్వూ చెల్లెలూ మాత్రమే ఇంట్లో ఉన్న సెలవుల్లో ఎప్పుడైనా చూడండి. నూనె ఒలకబోసి నిప్పంటించడం, నీళ్ళలోకి కరెంటు వదలడం, ఆ అల్లరి దాన్లో ఉన్నంత మరెక్కడా లేదు. ఇప్పటికి పక్కన పెట్టు.

ఇంట్లో కలిసి ఆడే గేమ్ ఎంచుకునేటప్పుడు అందరికన్నా బాగా ఆడేవాణ్ణి అడక్కూడదని నా లెక్క. అందరికన్నా తక్కువ ఆడిన మనిషిని చూడాలి. తన వంతు కానప్పుడు ఆ మనిషి చేతిలో ఏముంది? ఏమీ లేకపోతే అరగంటకి వాట్సాప్ తెరుస్తాడు, గంటకి ఆవులిస్తాడు, పై శనివారం 'చిన్న పనుందిరా' అంటాడు. గ్రాఫిక్స్, రేటింగులు, అవార్డులు అన్నీ దీని తర్వాతే.

మీ సెట్టు అటకెక్కడం గురించి కూడా ఒక మాట. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారు చేసి 1974లో అచ్చేశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ ఆటలో సగం బరువు మాస్టరు మీదే. ఊళ్ళూ గుహలూ ముందే సిద్ధం చేసుకోవాలి, రాక్షసులకి ఎంత ప్రాణం మిగిలిందో లెక్క రాసుకోవాలి, 'ఆ రాక్షసుడికి నేను పెళ్ళి సంబంధం చూస్తానంటే ఒప్పుకుంటాడా' లాంటి ప్రశ్నలకి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళలో శుక్రవారం రాత్రి ఆ హోంవర్కు ఎవరు చేస్తారు? గేమ్ కొంటే గుమాస్తా పనంతా మెషిన్ చేసి పెడుతుంది. పెళ్ళి సంబంధం లాంటి ప్రశ్నలకి మాత్రం దాని దగ్గర జవాబుండదు, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. కానీ వాదించుకోవడం, ఏదో ఒకటి తేల్చుకోవడం, అది వికటిస్తే పడి పడి నవ్వుకోవడం మీకే మిగలాలి. అది కూడా మింగేసే గేమ్ అయితే డబ్బు దండగ.

ఇలా చూస్తే మీకు సరిపోయేది సండర్‌ఫోక్. 2025 ఏప్రిల్లో వచ్చింది. చేసిన స్టూడియో పేరు సీక్రెట్ డోర్. గేముల కంపెనీ బ్లిజార్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన మైక్ మోర్‌హైమ్ 2020లో మొదలుపెట్టిన డ్రీమ్‌హేవెన్‌లో భాగంగా ఆ స్టూడియో దీన్ని తెచ్చింది. ఒకరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. కొనాల్సింది ఒక్క కాపీ, పీఎస్5 మీద. కంట్రోలర్ల గొడవ లేదు, ఎవరి ఫోనే వాళ్ళకి కంట్రోలర్. ఉచితంగా దొరికే యాప్ దించుకుని, టీవీ మీద కనబడే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే జట్టులో చేరినట్టే. యూపీఐ కట్టడం వచ్చినవాళ్ళెవరికైనా ఇది వచ్చు.

ఆట ఇలా ఉంటుంది. టీవీ మీద ఆరు పలకల గళ్ళతో ఒక మ్యాపు. ఎంచుకోడానికి ఆరుగురు వీరులు, అందరూ జంతువులే: గొడ్డలి పట్టిన ధ్రువపు ఎలుగుబంటి, పాటలు పాడే గబ్బిలం, ఇలా. ఎవరి కార్డులు వాళ్ళ ఫోన్లోనే కనిపిస్తాయి. వంతుకి ఒక కార్డు ఎంచుకోవాలి. ఇన్ని గళ్ళు నడువు, ఇంత దెబ్బ కొట్టు, పక్కవాడికి ఇంత ప్రాణం పొయ్యి అని దాని మీద వరసగా రాసి ఉంటుంది. ఫోను అద్దం మీద వేలితో దారి గీస్తే టీవీలో నీ బొమ్మ అటు నడుస్తుంది. కొట్టిన ప్రతిసారీ ఫేట్ కార్డు అని ఒకటి తిరగబడుతుంది. దాన్నిబట్టి దెబ్బ పెరగొచ్చు, తగ్గొచ్చు. ఆ ఒక్క కార్డు తిరిగే క్షణంలో హాల్లో ఉన్న నలుగురూ అరుస్తారు, పాచికల ఆటలో అరిచినట్టే.

నాకు ఇందులో బాగా నచ్చింది, వీరుల్లో ఎవరు ముందు ఎవరు వెనక అన్న వరస లేకపోవడం. 'నువ్వు ముందెళ్ళి వాణ్ణి ఇటు నెట్టు, నేను మంట పెడతా' 'వద్దు, నన్ను దాటిపోనీ' అని ప్రతి రౌండుకీ మాట్లాడుకుని తీరాలి. తన వంతు అయిపోయినవాడు కూడా ఖాళీగా ఉండడు. పక్కవాడి పని తన ప్రాణం మీదకి వస్తుంది కాబట్టి చూస్తూనే ఉంటాడు. మీకు మాస్టరు లేడన్నావు. ఇందులో కథ చెప్పే గొంతూ, ఊళ్ళో కనబడే మనుషుల గొంతులూ ఒక్కరివే. ఆవిడ పేరు అంజలి భీమాని, భారతీయ మూలాలున్న అమెరికన్ నటి. ముసలమ్మ నుంచి దుకాణదారు దాకా గొంతు మార్చి మార్చి చెప్తుంటే, మాస్టరు కుర్చీలో ఒకరు కూర్చున్నట్టే ఉంటుంది.

మధ్య మధ్యలో ఎవరికో ఒకరికి ఫోన్లో ప్రశ్న వస్తుంది, ఫలానా జీవికి పేరు పెట్టమని. మా రాయగడ ఇంట్లో మా మరిది ఇంగ్లీషు అక్షరాల్లో 'దహీబరా' (మన పెరుగు వడ) అని కొట్టాడు. పెట్టిన పేరే ఆ తర్వాత కూడా కనబడుతుంది కదా, అంత గంభీరమైన కథలోకి దహీబరా వచ్చినప్పుడల్లా మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి 'ఎవరికి ఆకలేస్తోంది' అని అడిగేవారు.

లోపాలు లేవని కాదు. ఒక మిషనుకీ (అంటే ఒక విడత సాహసానికీ) ఇంకో మిషనుకీ మధ్య ఆర్డెన్ అనే ఊళ్ళో తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, సామాన్లు కొనాలి. అదంతా ఎవరి ఫోన్లో వాళ్ళే. ఆ కాసేపూ నలుగురూ తలలొంచుకుని ఫోన్లలోకి చూస్తూ ఉంటారు. నాన్నగారు సరిగ్గా అప్పుడే వస్తారు, ముందే చెప్తున్నా. ఇంకోటి, ఆడే ఫోన్లోకే వాట్సాప్ కాల్సు కూడా వస్తాయి. కూర్చునే ముందు నలుగురూ డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి, ఛార్జింగు నింపుకోండి. మురీ మిక్చరు గిన్నె మధ్యలో పెట్టుకుంటే మాత్రం చెంచాలు వేసుకోండి. నూనె వేళ్ళతో అద్దం మీద దారి గీస్తే ఎలుగుబంటి ఎటు పోతుందో చెప్పలేం.

రెండో గేమ్ ఫర్ ది కింగ్, నీ చెల్లెలి ల్యాప్‌టాప్ కోసం. ఐరన్‌ఓక్ గేమ్స్ అనే చిన్న స్టూడియో 2018లో పూర్తిగా విడుదల చేసింది. ఫాహ్రుల్ అనే రాజ్యంలో రాజు హత్యకి గురయ్యాడు. సైన్యం చెల్లాచెదురైంది. రాణి మామూలు జనాన్ని పిలిచి సాయం అడుగుతుంది. అందుకే ఇందులో మొదట దొరికేవాళ్ళు మహావీరులు కారు: ఒక కమ్మరి, ఒక వేటగాడు, ఒక పండితుడు, ఒక పాటగాడు. బొమ్మలు కాగితం మడతపెట్టి చేసినట్టు గరుగ్గా ఉంటాయి, కాబట్టి మెషిన్ మీద బరువు పడదు. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ మీద కూడా నాణ్యత కాస్త తగ్గించుకుంటే నడవాలి. ప్రతిసారీ మ్యాపు మారిపోతుంది, ఒకసారి చూసిన దారి రెండోసారి ఉండదు.

దీని పాచికల పద్ధతి మన ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టినట్టే. కమ్మరి సుత్తి ఎత్తితే తెర మీద మూడో నాలుగో గుర్తులు వరసగా కనబడతాయి. ఒక్కొక్కటీ వెలుగుతుందా ఆరుతుందా అన్నది అతని బలాన్నిబట్టి. అన్నీ వెలిగితే పూర్తి దెబ్బ, కొన్నే వెలిగితే ఆ మేరకే, ఒక్కటీ వెలగకపోతే సుత్తి గాల్లోకి. ఫోకస్ అని కొన్ని పాయింట్లుంటాయి. ఒకటి ఖర్చుపెడితే ఒక గవ్వని నీ చేత్తో నువ్వే వెల్లకిలా పెట్టుకున్నట్టు, మిగతావాటికీ కాస్త అవకాశం పెరుగుతుంది. ఆ పాయింట్లు తొందరగా అయిపోతాయి, మళ్ళీ రావాలంటే సత్రంలో పడుకోవడం లాంటిదేదో చెయ్యాలి. ఇప్పుడు వాడాలా, ముందున్న గుహ కోసం దాచాలా? మీ శనివారం వాదనలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయని రాసిస్తా.

ఇందులో కొత్తవాళ్ళందరూ ఒకచోటే దెబ్బతింటారు. మ్యాపు పెద్దది కదా అని తలో దిక్కుకీ పోతారు. యుద్ధం మొదలైతే దగ్గర గళ్ళలో ఉన్నవాళ్ళే అందులోకి వస్తారు. దూరంగా ఉన్నవాడు చూస్తూ కూర్చోవాలి, ఒంటరిగా దొరికినవాడు చస్తాడు. అలాగని అందరూ కలిసి నెమ్మదిగా నడిస్తే రోజులు గడిచేకొద్దీ రాజ్యంలో ఖేయాస్, అంటే అరాచకం, పెరిగిపోతూ ఉంటుంది, శత్రువులు ముదురుతారు. విడిపోతే ఒక భయం, కలిసుంటే ఇంకో భయం. ప్రాణాలు కూడా జట్టంతటికీ కలిపి కొన్నే. అయిపోతే ఆట మొదటికి. ఓడిపోయినా లోర్ పాయింట్లు మిగులుతాయి, వాటితో కొత్త పాత్రలూ ఆయుధాలూ తెరుచుకుంటాయి. మొదటిసారి గెలుస్తామని కూర్చోకండి, సులువైన స్థాయి పెట్టుకున్నా ఓడిపోవడమే మామూలు.

దీనికి కూడా కంట్రోలర్లు అక్కర్లేదు. వంతులవారీ ఆట, తొందరేం లేదు. వైర్‌లెస్ మౌస్ ఒకటి ఉంటే వంతు వచ్చినవాడి చేతికి అందించుకుంటూ పోవచ్చు. కానీ ఇందులో ఉండేది ముగ్గురే. మీరు నలుగురు. దాని రెండో భాగం 2023 నవంబరులో వచ్చింది, అందులో నలుగురికి చోటుంది. కానీ అది మొదటిదానికన్నా బరువైనది, మీ ల్యాప్‌టాప్‌ని దాని జోలికి పోనివ్వకు. మొదటి భాగమే ఆడుతూ నాలుగో మనిషికి ఒక పని అప్పజెప్పొచ్చు. ఏం పనో చెప్తా.

ఇంగ్లీషు గురించి రాశావు కదా. రెండు గేముల్లోనూ తెలుగు లేదు, ఒడియా లేదు. అందుకని నాలుగో మనిషిని కథకుడిగా కూర్చోబెట్టు. తెర మీద కథ ముక్క వచ్చినప్పుడల్లా దాన్ని తన మాటల్లో చెప్పాలి, మక్కీకి మక్కీ కాదు. రాణి గారు ఏం బాధపడుతోంది, ఈ గుహలో ఏముందంటున్నారు, ఎటు పోతే ఏం దొరుకుతుంది, అంతే. నచ్చితే మసాలా కూడా వేసుకోవచ్చు. వారానికొకరు మారండి. ఆ అబ్బాయి వంతు వచ్చిన వారం ముందు నువ్వు చెవిలో చెప్పు, వాడు ఒడియాలో చెప్పనీ. మీ ముగ్గురికీ ఎలాగూ అర్థమౌతుంది. పర్లాకిమిడిలో పుట్టి సగం వాక్యం తెలుగులో సగం ఒడియాలో మాట్లాడనివాళ్ళు ఎక్కడున్నారు? సండర్‌ఫోక్‌లో అయితే నలుగురూ ఆడుతూనే ఈ పని చేసుకోవచ్చు, కథ ముక్కలు మిషను ముందూ తర్వాతా ఎక్కువ వస్తాయి.

కార్డుల మీది ఇంగ్లీషుకి మాత్రం ఎవరూ అనువాదం చెయ్యకండి. మూవ్, అటాక్, రేంజ్, హీల్, షీల్డ్, పుష్, తిప్పి తిప్పి కొడితే అవే మాటలు. రెండు మూడు వారాలకి వాడే పట్టేస్తాడు. అందరి ముందూ పైకి చదవమనడమే వాడి టెన్షన్. ఫోన్లో తన కార్డు తను చూసుకుంటూ, ఒక్కోదాన్ని నొక్కి చూసుకుంటూ, తొందరపెట్టేవాడు లేకపోతే ఆ టెన్షన్ ఉండదు. నేను సండర్‌ఫోక్ ముందు చెప్పడానికి సగం కారణం ఇదే. ఒకే తెర మీద అందరి సామానూ కనిపించే గేముల్లో తడబడేవాడి తడబాటు కూడా అందరికీ కనిపిస్తుంది.

ఇక పీఎస్5 యజమాని. ప్రతి జట్టులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు, చెడ్డవాడేం కాదు. లెక్క వాడికి అందరికన్నా ముందు తట్టేస్తుంది, నోరాగదు. వాడి కార్డులు తప్ప వేరేవాళ్ళవి వాడికి కనబడకపోవడం వల్ల సండర్‌ఫోక్‌లో ఈ జబ్బు సగం తగ్గుతుంది. 'ఆ మూడో కార్డు వెయ్యి' అనాలంటే ముందు నీ చేతిలో ఏమున్నాయో అడగాలి కదా. మిగతా సగానికి మందు, వాడికి పాటగాడి పాత్ర ఇవ్వడం. ఆ గబ్బిలం బలం తన దెబ్బలో లేదు, పక్కవాళ్ళని గట్టిపరచడంలో ఉంది. అందరి గురించీ ఆలోచించే బుర్రకి అందరికీ సాయం చేసే పనే దొరికితే మాటలతో తోలడం కాస్త తగ్గుతుంది. ఫర్ ది కింగ్‌లో అయితే తెర పైభాగాన ముందు ముందు ఎవరి వంతు, ఖేయాస్ ఎప్పుడు పెరుగుతుంది అని ఒక పట్టీ ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని హెచ్చరించే ఉద్యోగం వాడికివ్వు.

ఇవన్నీ చేసినా ఆగకపోతే ఒక నియమం పెట్టండి: వంతులో ఉన్న మనిషి అడిగితేనే సలహా, అడిగినా ఒక్క వాక్యమే. ఈ నియమం నువ్వు కాదు, నీ చెల్లెలి చేత చెప్పించు. స్నేహితుల మధ్య నువ్వంటే అది వాదన అవుతుంది, ఆ అమ్మాయి అంటే వాడు నవ్వి ఊరుకుంటాడు. 'కన్సోల్ నాది' అంటాడేమోనని వెనకాడకు. కన్సోల్ వాడిదైతే టీవీ మీది, ఇల్లు మీ అమ్మగారిది.

ఫర్ ది కింగ్ ఆడేటప్పుడు యుద్ధం అయ్యాక దొరికిన కత్తి ఎవరికన్న గొడవ తప్పకుండా వస్తుంది. ఎవరి పాత్రకి ఏ ఆయుధం నప్పుతుందో అంకెలే చెప్తాయి, అంకెలు చూసి ఇచ్చెయ్యండి. దీనికి ఇంతకన్నా అక్షరం ఎక్కువ రాయను.

నాన్నగారి మాటకి ఎదురు చెప్పకు గానీ ఒక రోజు తీరిగ్గా ఉన్నప్పుడు గంజప గురించి అడిగి చూడు. చీటీపేక రాకముందు నుంచీ మన గంజాం వైపు ఆడుతున్న గుండ్రటి కార్డుల ఆట అది. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అంటించి, చిత్రకారులు చేత్తో బొమ్మలు వేసేవారు. రంగుకి 12 కార్డులు. ఎనిమిది రంగులైతే 96, దశావతారాల కట్ట అయితే 120. వాటిని పట్టుకుని గంటలకి గంటలు కూర్చున్నది పిల్లలు కాదు, పెళ్ళిళ్ళైన మగాళ్ళు, మనవలున్న తాతలు. నాన్నగారి చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా ఆడేవారేమో, కబుర్లు బయటికొస్తాయి. ఆయన అసలు ఇబ్బంది వయసు గురించి కాకపోవచ్చు కూడా. శనివారం రాత్రి పదకొండింటికి హాల్లో అరుపులు వినబడితే పక్క గదిలో ఆయనకి నిద్రెలా పడుతుంది? పదిన్నరకి ఆపేస్తామని నువ్వే ముందు చెప్పి చూడు. మిషన్ల వారీగా ఉంటుంది కాబట్టి సండర్‌ఫోక్‌ని అనుకున్న టైముకి ముగించడం తేలిక. 'ఇంకొక్క ఊరు చూసి ఆపేద్దాం' అని రాత్రి తెల్లవార్లూ లాక్కుపోయేది ఫర్ ది కింగే.

గ్లూమ్‌హేవెన్ పేరు కూడా మీ వాడు ఎత్తుతాడు, ఇవాళ కాకపోతే రేపు. 2017లో వచ్చిన ఐజాక్ చిల్డ్రెస్ బోర్డు గేమ్ అది, పెట్టె బరువే దాదాపు 10 కిలోలు. పీసీ వెర్షన్ 2021లో పూర్తయింది. చాలా లోతైన ఆట. వంతుకి రెండు కార్డులు తీసి ఒకదాని పై సగం, రెండోదాని కింద సగం వాడాలి. కార్డులు అయిపోతే నీ మనిషి సొమ్మసిల్లినట్టే. కానీ ఆ లెక్కంతా మొదటి రాత్రే నెత్తికెక్కించుకోవాలంటే మీలో ఒకడికి మాత్రమే సరదా, ముగ్గురికి పరీక్ష. ఒక ఏడాది పోనివ్వండి.

కరెంటు, నెట్ సంగతి రాయలేదు గానీ వానాకాలం మన వైపు ఎలా ఉంటుందో నాకు తెలియనిదా. సండర్‌ఫోక్ ఫోన్లతో నడిచేది కాబట్టి ఇంట్లో నెట్ నిలకడగా ఉండాలి. ఇన్వర్టరు ఉంటే టీవీతో పాటు వైఫై రూటరు కూడా దాని లైన్లోనే ఉందో లేదో చూసుకో. చాలా ఇళ్ళలో టీవీ వెలుగుతుంది, రూటరు ఆరిపోతుంది. ల్యాప్‌టాప్ గేముకి ఆ బాధ లేదు. టీవీ పోతే నలుగురూ ల్యాప్‌టాప్ చుట్టూ చేరి ఆ వంతు పూర్తి చెయ్యొచ్చు. గోడ టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ కొనేటప్పుడు టీవీ నుంచి సోఫా దాకా ఒకసారి కొలుచుకో. చిన్న కేబుల్ కొంటే ల్యాప్‌టాప్ టీవీ కిందే ఉండిపోతుంది, మౌస్ కోసం అందరూ నేల మీదకి దిగాలి.

ఏది ముందు కొనాలంటే, ఫర్ ది కింగ్. సండర్‌ఫోక్ మీకు బాగా నప్పుతుందని చెప్పి ఇదేమిటంటావా? ప్లేస్టేషన్ స్టోర్లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక నచ్చలేదంటే డబ్బు వెనక్కి రావడం కష్టం. పీసీ గేములు అమ్మే స్టీమ్‌ స్టోర్లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే తిరిగి ఇచ్చేస్తారు. అందుకని మీ నలుగురికీ ఈ రకం ఆట అసలు పడుతుందో లేదో ముందు చెల్లెలి ల్యాప్‌టాప్ మీద చూసుకోండి. స్టీమ్ లాంటిదే అయిన ఎపిక్ స్టోర్లో ఎవరికైనా పాత ఖాతా ఉంటే కొనే ముందు లైబ్రరీ వెతకండి, 2020లో అక్కడ దీన్ని కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చారు. అప్పుడు నొక్కి మర్చిపోయినవాళ్ళు బోలెడుమంది. రెండు మూడు శనివారాలు గడిచాక నలుగురూ వస్తూనే ఉంటే, అప్పుడు అందరూ తలా ఇంత వేసుకుని సండర్‌ఫోక్ తీసుకోండి. స్టీమ్‌లో కొన్న రోజు మాత్రం ఒక జాగ్రత్త: టీ కోసం లేచినప్పుడు గేమ్ మూసేసి లేవండి. మెనూలో ఊరికే వదిలేసిన టైము కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది.